డేగా గుడ్లగూబా, ఉచ్చూ గొయ్యీ

ప్రశ్న: మేము మూడేళ్ళ క్రితం తెనాలి నుంచి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌కు వచ్చాం. పాపకు ఏడేళ్ళు. ఇక్కడి బడిలో నాలుగో గ్రూపు చదువుతోంది. నేను కూడా సాయంత్రాలు డచ్ తరగతికి వెళ్తున్నాను. చిక్కంతా మాటలను విడగొట్టే దగ్గర వచ్చింది. రొట్టెలు కాల్చేవాడిని ఇక్కడ 'బకెర్' అంటారు, రాతలో రెండు 'కె'లు. పాప చప్పట్లు కొడుతూ దాన్ని 'బ-క్కెర్' అని విడగొట్టింది. నేను నిఘంటువు తీసి 'బక్-కెర్' అని దిద్దాను. టీచరు పాపదే సరి అన్నారు. పై వారం పళ్ళ డాక్టరును పిలిచే మాటను అదే పద్ధతిలో 'ట-న్డర్ట్స్' అని చెప్పించి పంపితే, తప్పన్నారు. ఇక నా తరగతిలో 'వల్‌కౌయిల్' అనే మాట చూసి 'డేగ, గుడ్లగూబ' అని అర్థం చెప్పాను. అందరూ నవ్వారు. ఊనిక గొడవ వేరే ఉంది. ఒక మాటకు మొదట నొక్కమంటారు, ఇంకో మాటకు చివర నొక్కమంటారు. దీనికి సూత్రమంటూ ఉందా? లేక ప్రతి మాటా బట్టీ పట్టాల్సిందేనా?

సమాధానం: బట్టీ అక్కర్లేదమ్మా. కొద్దిపాటి మొండి మాటలు మాత్రం తప్పవు. ముందుగా ఒక మాట: ఇక్కడ డచ్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తాను. గొంతు గీరుకుంటూ వచ్చే వాళ్ళ ధ్వనిని 'ఖ' అంటాను. ఇల్లు, ఉల్లిపాయ, గుడ్లగూబ లాంటి మాటల్లో వచ్చే జంట అచ్చును 'ఔయి' అంటాను. అది సరిగ్గా అలా పలకదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మన లిపికి అంతకన్నా దగ్గరగా వెళ్ళడం చేతకాదు.

బకెర్ తగవు ముందు తీరుద్దాం. అందులో మీరూ తప్పు కాదు, పాపా తప్పు కాదు. డచ్ వాళ్ళ దగ్గర విడగొట్టే లెక్కలు రెండున్నాయి. ఒకటి 'లెటెర్‌ఖ్రేప్'. ఆ మాటను విప్పితే అక్షరాల పట్టు, ఓ గుప్పెడు అక్షరాలు అని వస్తుంది. నిఘంటువులో ఉండేది ఈ లెక్కే. పంక్తి చివర మాట పట్టకపోతే ఎక్కడ విరిచి చిన్న గీత పెట్టాలో ఇది చెబుతుంది. దీని ప్రకారం బకెర్ 'బక్-కెర్' అవుతుంది. రెండోది 'క్లంక్‌ఖ్రూప్', అంటే ధ్వనుల గుంపు. ఇది చిన్నపిల్లలకు స్పెల్లింగు నేర్పడానికి బడిలో వాడేది. దీని ప్రకారం 'బ-క్కెర్'.

రెండోది ఎందుకు పెట్టుకున్నారో తెలిస్తే మీకు ముచ్చటేస్తుంది. డచ్‌లో చెట్టు 'బోమ్', బాంబు 'బొమ్'. చెట్లు 'బోమెన్', బాంబులు 'బొమెన్'. ఇంగ్లీషు వాళ్ళు తంటాలు పడే ఈ తేడా మనకు నల్లేరు మీద బండి నడక. ఒకారం, ఓకారం మనకు వేర్వేరు గుర్తులు. డచ్ లిపికి ఆ సౌకర్యం లేదు. అందుకని వాళ్ళొక ఉపాయం కనిపెట్టారు. బహువచనంలో అచ్చు పొట్టిదైతే తర్వాతి హల్లును రెండుసార్లు రాస్తారు, పొడుగుదైతే ఒక్కసారే రాస్తారు. బొమెన్‌లో రెండు 'ఎమ్'లు, బోమెన్‌లో ఒకటే. రాతలో కనిపించే ఆ రెండో ఎమ్ పలకడానికి కాదు, 'నా ముందున్న అచ్చు పొట్టిది' అని చాటింపు వేయడానికి. పిల్లవాడు మాటను 'బొ-మ్మెన్' అని విడగొడితే మొదటి గుంపు చివర పొట్టి అచ్చు వినిపిస్తుంది, 'ఓహో, ఇక్కడ హల్లును రెండు చేయాలి' అని చెయ్యి కదులుతుంది. 'బో-మెన్' అంటే పొడుగు అచ్చు వినిపిస్తుంది, అప్పుడు రెండుసార్లు రాయాల్సిన 'ఓ' గుర్తులో ఒకదాన్ని తీసేస్తాడు. ఆ తీసేసేవాడికి కొన్ని బడుల్లో అక్షరాల దొంగ అని పేరు కూడా పెట్టి ఆడిస్తారు.

ఈ రెండు లెక్కలూ మన ఇంట్లోనే ఉన్నాయి, మనం గమనించం అంతే. 'అక్క' అని రాసేటప్పుడు మనం చేసేది అ, క్క. ద్విత్వమంతా రెండో అక్షరానికే పోతుంది. పాప చెప్పిన 'బ-క్కెర్' అచ్చంగా ఇదే. కానీ పద్యానికి గణాలు విడగొట్టే మాస్టారి దగ్గరికి వెళ్ళండి. అదే 'అక్క'లో అ గురువు అంటారు, వెనక ద్విత్వం ఉంది కాబట్టి. అంటే ఒక 'క్' బరువు ముందు అక్షరం మీద పడినట్టే. నిఘంటువు చెప్పిన 'బక్-కెర్' ఈ రెండో చూపు. మీ పాప రాసే చేతితో విడగొట్టింది, మీరు గణాలు లెక్కించే చెవితో విడగొట్టారు.

ఒక్క జాగ్రత్త. ఏ లెక్కన విడగొట్టినా పలికేది ఒక్క 'క'నే. మన 'చక్కెర'లో ఒత్తినట్టు 'బక్కెర్' అని ఒత్తకండి. తెలుగువాళ్ళ డచ్‌ను వంద అడుగుల దూరం నుంచి పట్టించేది ఈ ఒత్తే.

ఇప్పుడు పళ్ళ డాక్టరు. ఇక్కడ పాప చేత మీరు చెప్పించింది నిజంగానే తప్పు. బకెర్ ఒకే మాట. పళ్ళ డాక్టరు రెండు మాటల కూర్పు: పన్ను అనే 'టంట్', వైద్యుడు అనే 'అర్ట్స్'. ఇలాంటి సమాసాన్ని వాళ్ళు 'సామెన్‌స్టెలింగ్' అంటారు. సమాసానికి వచ్చేసరికి ఒక సూత్రం మిగతా వాటన్నిటినీ పక్కకు నెట్టేస్తుంది. రెండు మాటల మధ్య గోడ ఉంటుంది, ఆ గోడను ఏ అక్షరమూ దాటదు. ముందు గోడ ఎక్కడుందో చూడాలి, ఆ తర్వాతే ఏ గదికి ఆ గదిని విడిగా అక్షరాలు చేయాలి. కాబట్టి 'టంట్-అర్ట్స్'. రాతలో మధ్యనున్న హల్లు 'డి'. బహువచనం 'టన్డెన్' అన్నప్పుడు అది మెత్తగా 'డ'గానే పలుకుతుంది, ఎందుకంటే అక్కడ గోడ లేదు. పంటి వైద్యుడి దగ్గరకు వచ్చేసరికి అదే 'డి' గోడకు ఆనుకుని ఉంది, మాట చివర ఉన్నట్టే లెక్క. డచ్‌లో మాట చివర డ నిలవదు, గట్టిపడి ట అయిపోతుంది. వెనకాలే అచ్చు వచ్చి నిలబడినా మెత్తబడదు. రాత్రి భోజనం మాట కూడా ఇంతే. సాయంత్రాలు అంటే 'ఆవొన్డెన్', సాయంత్రపు తిండి మాత్రం 'ఆవొంట్-ఏటెన్'. రెండిటి రాతలోనూ డి ఉంది, ఒకదాంట్లో డ, ఒకదాంట్లో ట.

మనవాళ్ళకు ఇది ఎందుకు కొరుకుడు పడదో నాకు చాలా కాలం అర్థం కాలేదు. ఒకసారి ఎవరికో సంధులు చెబుతుంటే తట్టింది. జగత్, ఈశ్వరుడు కలిస్తే ఏమవుతుంది? జగదీశ్వరుడు. వాక్, ఈశ్వరి కలిస్తే వాగీశ్వరి. అంటే గట్టి త, క అచ్చు తగలగానే మెత్తబడి ద, గ అయ్యాయి, గోడ కూలిపోయింది. సంస్కృతం దాకా ఎందుకు, తల్లీ తండ్రీ కలిస్తే తల్లిదండ్రులు, అన్నా తమ్ముడూ కలిస్తే అన్నదమ్ములు. మాటలు కలిసే చోట మెత్తబడటం మన నాలుకకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. డచ్ సరిగ్గా అదే చోట, అదే హల్లును ఎదురు దిశలో నడిపిస్తుంది. మనం త ను ద చేస్తాం, వాళ్ళు డ ను ట చేస్తారు. మీరు 'టన్డర్ట్స్' అన్నప్పుడు మీరు చేసింది జగదీశ్వరుడి సంధి. తప్పు డచ్‌కు తప్పు గానీ, మంచి వంశం నుంచి వచ్చిన తప్పు.

అచ్చుల దగ్గరా ఇంతే. రెండు అచ్చులు ఎదురుపడితే మనకు సంధి చేయకుండా నిద్ర పట్టదు. వాళ్ళు అక్కడ కంచె వేస్తారు. కారు ప్రమాదాన్ని 'ఓటో-ఒన్‌ఖెలుక్' అంటారు. మొదటి మాట చివర ఓ, రెండో మాట మొదట ఒ. కలిపి రాస్తే కళ్ళు మోసపోతాయని మధ్యలో చిన్న గీత తప్పనిసరి చేశారు. సముద్రపు బాతుకు కూడా అంతే, 'జే-ఏంట్'. 1995 స్పెల్లింగు సవరణకు ముందు ఈ బాతు మాటలో గీతకు బదులు అచ్చు మీద రెండు చుక్కలు పెట్టేవాళ్ళు. ఆ సవరణతో సమాసాలకు గీత వచ్చింది, చుక్కలు అంకెల మాటలకూ మామూలు మాటలకూ మిగిలాయి.

గోడ కనిపించనప్పుడే అసలు తమాషా. మీ వల్‌కౌయిల్‌కు వద్దాం. నవ్విన వాళ్ళను పట్టించుకోకండి, డచ్ వాళ్ళు సైతం సరదాకు ఒకరినొకరు అడిగే మాట అది. 'వల్' అంటే ఉచ్చు, 'కౌయిల్' అంటే గొయ్యి. జంతువులను పట్టడానికి తవ్వే గొయ్యి, ఇప్పుడు ఎక్కువగా తెలియక పడే పొరపాటుకు వాడతారు. అయితే 'వల్క్' అంటే డేగ, 'ఔయిల్' అంటే గుడ్లగూబ. అక్షరాలు అవే, గోడ ఒక్క హల్లు పక్కకు జరిగింది. మీరు చేసిన విభజన డచ్ లెక్కల్లో తప్పు కాదు, ఆ మాటను మామూలుగా ఎవరూ పక్షికి వాడకపోవడమే మీ దురదృష్టం.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 'క్వర్ట్-స్లాఖెన్' అంటే పావు చుట్లు, మరను పావు వంతు తిప్పడం. 'క్వర్ట్స్-లాఖెన్' అంటే క్వార్ట్జ్ రాతి పొరలు. రాత ఒకటే. పంక్తి చివర కంప్యూటర్ గీత తప్పు చోట పెట్టిందంటే మర బిగించే మనిషి చేతిలో భూగర్భశాస్త్రం పడుతుంది. రెండు అచ్చుల మధ్య హల్లుల గుంపు ఉంటే దాన్ని ఎలా పంచాలన్న సూత్రాలు ఉన్నాయి, నేను కాదనను. అవి గది లోపల పని చేసే సూత్రాలు. గోడ ఎక్కడో చెప్పగలిగేది అర్థమే. అర్థం తెలియకుండా డచ్ సమాసాన్ని విడగొట్టలేం. ఇది మనకు వింత. రాజద్వారం అనే మాటలో 'ద్వా' రెండో మాటది అయినా, ముందున్న 'జ'ను గురువు చేసి కూర్చోబెడుతుంది. మన ఛందస్సు సంస్కృత సమాసంలో గోడను చూడదు, ధ్వనిని చూస్తుంది. మనం అర్థం తెలియని పద్యానికి సైతం గణాలు కట్టగలం. అదే ధైర్యంతో డచ్ మాట మీదకు వెళ్తే దొరికేది డేగే.

గోడ గురించి ఇంకో చిన్న సంగతి. రెండు మాటల మధ్య ఒక్కోసారి అదనంగా 'స్' గానీ 'ఎన్' గానీ వస్తుంది. అది ఎటు చేరుతుందని తరగతిలో తప్పకుండా అడుగుతారు. ఎప్పుడూ ఎడమకే. మనం పన్ను వైద్యుడు అనం, పంటి వైద్యుడు అంటాం. ఆ 'టి' పన్నుకు చెందిందే గానీ వైద్యుడిది కాదు కదా, అలాగే. మీ బీరువాలో భద్రంగా దాచుకున్న నివాస అనుమతి కాగితం 'వెర్‌బ్లైఫ్స్-వెర్‌ఖునింగ్'. మధ్యలోని స్ నివాసానిది. అట్ల లాంటి 'పనెన్‌కూక్'కు కూడా 1995లోనే మధ్యలో ఒక 'ఎన్' తగిలించారు, అదీ ఎడమ గదిదే. చాలామంది దాన్ని పలకరు. 'పనెకూక్' అని తినేస్తారు.

ఊనికకు ఈ గోడే పునాది. డచ్ సమాసంలో ఊనిక ఎడమ గదిలో ఉంటుంది. ఇది ముఖ్యమైన సూత్రం, ఎక్కువ మాటలు దీనికే లోబడతాయి. అయితే చాలామంది దీన్ని 'మొదటి అక్షరం మీద నొక్కాలి' అని తప్పుగా గుర్తు పెట్టుకుంటారు. మొదటి అక్షరం కాదు, మొదటి మాట. ఆ మొదటి మాటకు విడిగా ఉన్నప్పుడు ఎక్కడ ఊనిక ఉందో, సమాసంలోనూ అక్కడే ఉంటుంది. ఆరోగ్య బీమా 'జొర్ఖ్-వెర్జేకెరింగ్', మొదటి మాట ఒకే అక్షరం కాబట్టి 'జొర్ఖ్' మీదే నొక్కు. కానీ మీ నివాస అనుమతిలో మొదటి మాట 'వెర్‌బ్లైఫ్', దానికి ఊనిక 'బ్లైఫ్' మీద. కాబట్టి సమాసంలోనూ బ్లైఫ్ మీదే. పన్నుల శాఖ 'బెలస్టింగ్-డీన్స్ట్', ఊనిక 'లస్' మీద. వెర్, బె, ఖె అనే ముందు తునకలు ఎప్పుడూ ఊనిక మోయవు, అవి సామాను మోసే కూలీలే గానీ యజమానులు కాదు.

గోడకూ ఊనికకూ ఎంత చుట్టరికం ఉందో చూపే మాట ఒకటుంది. మసాజు చేసే మంచాన్ని, జనసమూహం చేసే ప్రార్థనను డచ్‌లో ఒకే అక్షరాలతో రాస్తారు. 'మసాజె'కు 'బెట్' చేరిస్తే మంచం. 'మసా'కు 'ఖెబెట్' చేరిస్తే ప్రార్థన. మసాజె అనే మాటకు ఊనిక 'సా' మీద, మసా అనే మాటకు ఊనిక 'మ' మీద. కాబట్టి కాగితం మీద తేలని తగవు నోట్లో తేలిపోతుంది. 'సా' మీద నొక్కితే నడుము నొప్పి తగ్గుతుంది, 'మ' మీద నొక్కితే పుణ్యం వస్తుంది.

ఇక మొండివాటి గురించి. మీ ఊళ్ళో నగరపాలక భవనాన్ని 'స్టట్‌హౌయిస్' అంటారు. సూత్రం ప్రకారం స్టట్ మీద ఉండాల్సిన ఊనిక హౌయిస్ మీద ఉంది. చిన్న ఊళ్ళలో అలాంటి భవనాన్నే 'ఖెమేంటె-హౌయిస్' అంటారు, అక్కడ మాత్రం బుద్ధిగా ఎడమ గదిలో, 'మేన్' మీద. రెండూ ఒకే పనికి కట్టిన ఇళ్ళు! నాకు దీని మీద కోపం ఇంకా పోలేదు. చలికాలంలో బంగాళాదుంపలతో మెదిపి తినే ఆకుకూర 'బూరెన్‌కోల్', ఊనిక చివరి 'కోల్' మీద. మేయరు 'బుర్ఖెమేస్టెర్', ఊనిక 'మేస్' మీద. ప్రొఫెసర్ 'హోఖ్‌లేరార్', ఊనిక 'లే' మీద. ఈ జాబితా మరీ పెద్దది కాదు, ఎదురైన కొద్దీ నోట్‌బుక్కులో రాసుకోండి. ఊళ్ళ పేర్లు కూడా ఇందులో చేరుస్తాను. 'డమ్'తో ముగిసే ఊళ్ళకు ఊనిక ఆ డమ్ మీదే: ఆమ్‌స్టెర్‌డమ్, రొటెర్‌డమ్, స్ఖీడమ్, వోలెన్‌డమ్. డమ్ అంటే ఆనకట్ట, నదికి అడ్డంగా కట్టిన కట్ట చుట్టూ పుట్టిన ఊళ్ళివి. తెలుగువాళ్ళు చాలామంది ఉండే ఆమ్‌స్టెల్‌వేన్‌లో కూడా చివరి 'వేన్' మీదే నొక్కు. మీ ఐండ్‌హోవెన్‌కు మాత్రం మొదటే.

గుణాలను చెప్పే మాటలుగా మారేటప్పుడు ఊనిక జరగడం మీరు గమనించే ఉంటారు. యాదృచ్ఛికం అనే నామవాచకం 'టూవల్', ఊనిక 'టూ' మీద. దానికి 'ఎఖ్' తోక తగిలించి 'అనుకోకుండా జరిగిన' అనే అర్థంలో 'టూవలెఖ్' అనగానే ఊనిక తోక ముందరి 'వ' మీదకు జారుతుంది. విజ్ఞానం 'వేటెన్‌స్ఖప్', ఊనిక 'వే' మీద. వైజ్ఞానికం 'వేటెన్‌స్ఖపెలెక్', ఊనిక 'స్ఖ' మీద. ఇది క్రమం తప్పని అలవాటు కాబట్టి భయపడాల్సింది లేదు.

భయపడాల్సింది క్రియల దగ్గర. 'వోర్‌కోమెన్' అనే ఒకే రాతకు రెండు అర్థాలున్నాయి. 'వోర్' మీద నొక్కితే జరగడం, సంభవించడం. 'కో' మీద నొక్కితే జరగకుండా ఆపడం, నివారించడం. పూర్తిగా ఎదురెదురు! నేను ఆ దేశంలో కొత్తగా కాలు పెట్టిన రోజుల్లో, డాక్టరు దగ్గర నా డచ్ ప్రతాపం చూపిద్దామని వాళ్ళ సామెత ఒకటి అప్పజెప్పాను: 'వోర్‌కోమెన్ ఇస్ బేటెర్ డన్ ఖెనేజెన్'. రోగం నయం చేసుకోవడం కంటే రాకుండా చూసుకోవడం మేలు అని దాని అర్థం. నేను 'వోర్' మీద నొక్కాను. నయం కావడం కంటే రావడమే మేలని వైద్యుడి మొహం మీదే చెప్పానన్నమాట. ఆయన మర్యాదస్థుడు, కళ్ళజోడు తుడుచుకుంటూ 'కో' మీద నొక్కి ఆ సామెతను మళ్ళీ ఒకసారి అన్నారు, అంతే.

ఈ జంటలను పట్టుకోవడానికి దారి ఒకటుంది. ఊనిక ముందు తునక మీద ఉన్న క్రియ వాక్యంలోకి రాగానే రెండుగా తెగుతుంది, ముందు తునక వాక్యం చివరకు వెళ్ళి కూర్చుంటుంది: 'హెట్ కొమ్ట్ వోర్', అలా జరుగుతూ ఉంటుంది. ఊనిక వెనక ఉన్న క్రియ తెగదు: 'డట్ వోర్‌కొమ్ట్', అది నివారిస్తుంది. తెగేది మొదట నొక్కు, తెగనిది వెనక నొక్కు. ఏదో ఒకటి తెలిస్తే రెండోది దానంతట అదే తెలుస్తుంది.

మన చెవికి ఇదంతా అతిగా తోచడానికి కారణం ఉంది. తెలుగులో ఎక్కడ నొక్కినా అర్థం చెక్కుచెదరదు. అర్థం చెడేది హ్రస్వదీర్ఘాలు మారితేనే. కలకూ కాలకూ, పలకకూ పాలకకూ తేడా ఒక్క దీర్ఘం. కాబట్టి మనం దీర్ఘాన్ని ప్రాణంగా చూసుకుంటాం, నొక్కును గాలికి వదిలేస్తాం. డచ్‌కు రెండూ కావాలి. దీర్ఘం మీకు పుట్టుకతోనే వచ్చింది, సగం దారి ఉచితంగా నడిచేసినట్టే. మిగిలిన సగానికి పాపతో ఆడుకునే ఆట ఒకటి చెబుతాను. కొత్త సమాసం కనిపించగానే ముందు అర్థం అడగండి. రెండు మాటలూ దొరికాక గది మారేటప్పుడు ఒక గంతు వేయమనండి, అక్షరానికొక చప్పట కొట్టమనండి, ఊనిక ఉన్న అక్షరం దగ్గర మాత్రం బల్ల మీద చరచమనండి. పంటి వైద్యుడికి టంట్ దగ్గర ఒక చరుపు, గంతు, ఒక చప్పట. నివాస అనుమతికి ఒక చప్పట, బ్లైఫ్ దగ్గర చరుపు, గంతు, మూడు చప్పట్లు. కింది ఇంటివాళ్ళు ఏమనుకుంటారన్నది మీరూ మీరూ చూసుకోవాలి.

బడికి రాసి పంపే కాగితాల్లో గీత పెట్టాల్సి వస్తే ఒకటి రెండు విషయాలు ఉంచుకోండి. పంక్తి చివర ఒంటరి అక్షరాన్ని వదలకూడదు, కాబట్టి ఆవొంట్‌ను విరవడం కుదరదు, రాత్రి భోజనాన్ని గోడ దగ్గరే విరవాలి. చిన్న కారును ముద్దుగా 'ఓటోట్యె' అంటారు, రాతలో 'ఓ' గుర్తు రెండుసార్లు వస్తుంది. కానీ ట్యె ముందు విరిస్తే ఒక 'ఓ' మాయమై ఒకటే మిగులుతుంది. పాపను మీరు దిద్దబోయే ముందు ఈ ఒక్కటి గుర్తు చేసుకోండి, మళ్ళీ టీచరు ఆమె వైపే ఉంటారు. సందేహం వస్తే వాళ్ళ ఆకుపచ్చ పుస్తకం ఉండనే ఉంది. 1954లో మొదటిసారి వచ్చిన అధికారిక పదాల పట్టిక అది, ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతుంది, ఏ మాటను ఎక్కడ విరవాలో అందులో చూపిస్తారు.

చివరగా, మీ తరగతిలో నవ్వినవాళ్ళను అడగడానికి ఒక మాట. 'డైక్‌రమ్ప్'. ఇందులో గోడ ఎక్కడ అని అడగండి. 'డైక్' అంటే కరకట్ట, 'రమ్ప్' అంటే విపత్తు. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున కట్టలు తెగి సముద్రం లోపలికి వచ్చినప్పుడు ఆ దేశంలో 1,836 మంది చనిపోయారు. దాన్ని వాళ్ళు 'వాటెర్స్‌నోట్-రమ్ప్' అంటారు, వరద విపత్తు అని. కాబట్టి కట్టకు విపత్తు అంటే ఎవరూ నవ్వరు. కానీ 'డై' అంటే తొడ, 'క్రమ్ప్' అంటే కండరం పట్టేయడం. రెండిటికీ ఊనిక 'డై' దగ్గరే పడుతుంది కాబట్టి మసాజు మంచానికి దొరికిన సాయం ఇక్కడ దొరకదు. ఆ మాట ఫిజియోథెరపిస్టు నోట వింటే కాలు చాపి కూర్చోండి. నీటి కట్టలను కాపాడే వాళ్ళ నోట వింటే మాత్రం పాపను ఎత్తుకుని మేడ ఎక్కండి.